గుర్రం మీది మనిషి

కార్డులమ్మ తన జోస్యం చెప్పే టారో కార్డుల్లోంచి చావు కార్డు తీసి పారేసిందని, అందుకే ఆమె దగ్గర అందరికీ మంచే వస్తుందని వీధిలో చెప్పుకుంటున్నారు. అది శుద్ధ అబద్ధం. గుర్రం మీద అస్థిపంజరం కూర్చున్న ఆ కార్డు కట్టలో భద్రంగానే ఉంది. ఎవరికైనా వస్తే ఆమె నవ్వేసి, "చావు కాదమ్మా, పాత బతుకు పోయి కొత్తది మొదలవుతుంది" అంటుంది. పుట్టినతేదీ అంకెలు వేళ్ల కణుపుల మీద కూడి, కొట్టు తెరవడానికో ఇల్లు మారడానికో రోజు చెబుతుంది. మొగుడు పోయిన తనను చేసుకుంటానని ఒక బస్సు డ్రైవరు అడిగితే సరేనంది గానీ, ఆ పెళ్లికి మాత్రం ఏ తేదీ కూడినా కలవడం లేదంటూ వాయిదా వేస్తోంది. ఈ నెల దాటితే తన దారి తాను చూసుకుంటానని అతను చెప్పేశాడు. రోజూ పొద్దున్నే ఆమె తనకోసం ఒక కార్డు తీసి, చూసి, చటుక్కున బోర్లించి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది.

నిన్న ఎదురింటి పెద్దమ్మ ఊరుకోలేక ఆ కార్డు తిప్పి చూసింది. అస్థిపంజరమే.

"ఊరందరికీ కొత్త బతుకని చెప్పేదానివి, నీకొస్తే ఎందుకే దాస్తావు?" అని నిలదీసింది.

కార్డులమ్మ ఆ కార్డువైపు చూడలేదు.

"మీ అందరికీ అది అస్థిపంజరమే పెద్దమ్మా" అంది మెల్లగా. "నాకొచ్చినప్పుడు దానికి మా ఆయన మొహం ఉంటోంది. పెళ్లికి ఒప్పుకున్నప్పటి నుంచి ఆ గుర్రం రోజూ ఇంకాస్త దగ్గరికొస్తోంది."