పొగగొట్టం లేని ఫొటో

రిటైర్మెంటుకు రెండేళ్లు ఉందనగా నన్ను సూరత్ ప్రాంతీయ కార్యాలయానికి సీనియర్ ఫొటోగ్రాఫరుగా బదిలీ చేశారు. మాది ప్రభుత్వ ప్రచార విభాగం. ఆ మే నెల మొదట్లో ఒక అసైన్‌మెంట్ ఆర్డరు వచ్చింది. హజీరా దగ్గరి మత్స్యకారుల వేసవి జీవితాన్ని ఢిల్లీలో పెట్టబోయే ప్రదర్శన కోసం ఫొటోలు తీయాలి. దాని కింద మా డిప్యూటీ డైరెక్టరు తన చేత్తో ఇంకో వాక్యం చేర్చారు: ఫ్యాక్టరీలు కనిపించకూడదు.

అది మన కోస్తాలో కనిపించే ఇసుక తీరం కాదు. పోటు తగ్గితే సముద్రం చూపు ఆనని దూరానికి వెళ్లిపోయి, నల్లటి బురద, నాచు పట్టిన రాళ్లు మిగులుతాయి. పడవలు మళ్లీ నీళ్లు వచ్చేదాకా ఆ బురదలోనే పక్కకు ఒరిగి ఉంటాయి. ఒడ్డు మీద పని చాలావరకు ఆడవాళ్లదే. బుమ్లా అనే మెత్తటి చేపను వానలు పడేలోపు ఎండబెట్టుకోవాలి. వెదురు పందిళ్లకు తాళ్లు కట్టి, రెండేసి చేపల నోళ్లు ఒకదానిలో ఒకటి తగిలించి వేలాడదీస్తారు. పొద్దుటి ఎండలో వెలుతురు ఆ చేపల ఒంట్లోంచి దాటి వస్తుంది.

ఆఫీసు జీపు నడిపే సత్తయ్య సూరత్‌లోనే డిండోలి పేటలో ఉండేవాడు. కరీంనగర్ నుంచి మరమగ్గాల పనికి వచ్చి డ్రైవరైన మనిషి. నాకు గుజరాతీ రాదు కాబట్టి మాటలన్నీ అతని ద్వారానే నడిచేవి. మొదటి రోజు నేను కెమెరా ఎత్తగానే ఆడవాళ్లందరూ వీపు తిప్పేశారు. వాళ్లలో పెద్దామె రమీలాబెన్ ఏదో గట్టిగా అంది.

"ఏమంటోంది సత్తయ్యా?"

"ఫొటో తీసినోళ్ల ఎనకనే జేసీబీ వస్తదంటుంది సార్. పోయినేడు గట్లనే అయిందట."

మేం ప్రభుత్వం మనుషులమని చెప్పమన్నాను. అది విని ఆమె ముఖం ఇంకా బిగుసుకుంది. కెమెరా సంచిలో పెట్టేసి ఆ పూటంతా పందిరి పక్కన కూర్చున్నాను. మర్నాడూ అలాగే కూర్చున్నాను. ఆ తర్వాతి పొద్దున రమీలాబెన్ తానే వచ్చి, తీసేదేదో ఎండ ముదరకముందే తీసుకోమంది.

మా వృత్తిలో దగ్గరి ఫొటోల కంటే ముందు ఒక వైడ్ ఫ్రేమ్ తీయడం ఆనవాయితీ. ఆ చోటు ఎక్కడిదో, చుట్టూ ఏముందో అందులో తెలియాలి. ఎటు తిరిగి తీసినా ఎర్ర తెల్ల పట్టీల పొగగొట్టం ఒకటి ఫ్రేములోకి వస్తూనే ఉంది. అలాగే తీశాను. ఎంపికలో డిప్యూటీ డైరెక్టరు గారికి నచ్చింది రమీలాబెన్ చేపల తాడు భుజానికెత్తుకున్న వైడ్ ఫ్రేమే. పొగగొట్టం ఉన్న పక్కను కత్తిరించి ఢిల్లీకి పంపాం.

ఫొటోలో ఉన్నవాళ్లకు ఒక ప్రింటు ఇవ్వడం నా అలవాటు. వానలకు ముందు తీసుకెళ్లి ఇచ్చాను. రమీలాబెన్ దాన్ని చాలాసేపు చూసింది. నవ్వలేదు. సత్తయ్య ఆమె మాట చెప్పాడు: "పొగగొట్టం ఏది, అంటుంది సార్. గా గొట్టం లేకుంటే గీ ఫొటో ఏ ఊరిదైనా కావచ్చునట."

అప్పుడు ఆమే సంగతి చెప్పింది. వాళ్లు చేపలు ఎండబెట్టే నేల ఖాళీగా పడి ఉందని చెప్పి, దాన్ని ఎవరో గోదాముల కోసం అడిగారు. తహసీల్దారు స్థాయి అధికారి దగ్గర విచారణ ఉంది. అక్కడ చేపలు ఎండబెడుతున్నట్టు రుజువు కావాలి.

వెనక్కి వస్తుంటే దారిలో సత్తయ్య అన్నాడు. "కత్తిరించని ఫొటో జర పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి ఇయ్యి సార్. ఎవలికి ఎర్క?"

నేను ఒప్పుకోలేదు. అసలు ఫైలు కార్యాలయం ఆస్తి. దొంగచాటుగా వచ్చిన కాపీని విచారణలో ఎవరూ లెక్కచేయరు. ఫొటో తీసిన తేదీ, సమయం అసలు ఫైల్లోనే నమోదై ఉంటాయి కాబట్టి కార్యాలయం ముద్రతో వెళితేనే దానికి విలువ. రమీలాబెన్ చేత దరఖాస్తు పెట్టించి, ఇవ్వవచ్చని నోట్ రాసి పైకి పంపాను.

మన పని ప్రచారం, తగాదాలు మనకెందుకు అన్నారు డిప్యూటీ డైరెక్టరు. కాదనదలిస్తే అదే మాట నోట్ మీద రాయమని అడిగాను. ఫైలు కొన్నాళ్లు ఆయన బల్ల మీదే ఉండిపోయింది. చివరికి సంతకం పెట్టి, "సాక్షిగా పిలిస్తే మీరే వెళ్లాలి" అన్నారు.

పిలిచారు. ఎక్కడ నిలబడి తీశారని అధికారి అడిగితే పొగగొట్టాన్ని ఆనవాలుగా పెట్టుకుని మ్యాపు మీద చూపించాను. అవతలి పక్షం వకీలు లేచి, ఆ పందిళ్లు ఫొటో కోసం అప్పటికప్పుడు వేసినవే అన్నాడు. పెద్దది చేసిన ప్రింటు బల్ల మీద పరిచాను. గుంజల మొదళ్లలో బురద గట్టిపడి పగుళ్లు విచ్చింది. తాళ్ల ముడులు ఉప్పు పేరుకుని తెల్లబడ్డాయి. మనుషుల్ని ఫొటో కోసం నిలబెట్టొచ్చు గానీ వీటిని ఒక్క పూటలో తయారు చేయలేమని హిందీలో చెప్పాను. వెనక బెంచీలో రమీలాబెన్‌కు సత్తయ్య గుసగుసగా ఆ మాట అర్థం చెబుతుంటే వినిపించింది.

గోదాములకిచ్చే భూమిలోంచి సముద్రం వైపు పందిళ్లున్న నేలను మినహాయించారు. వలలు ఆరబెట్టుకునే వెనకభాగం కంచె లోపలికి పోయింది. "సగం మిగిలింది" అంది రమీలాబెన్ బయటికొచ్చాక. బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

మిగిలిన సర్వీసులో రెండు పనులు మానకుండా చేశాను. ప్రతి సెట్టులోనూ కత్తిరించని వైడ్ ఫ్రేమును విడిగా భద్రపరిచాను. క్యాప్షన్ స్లిప్పులో నేను నిలబడిన చోటు, కెమెరా చూసిన దిక్కు రాశాను. ఫొటో తీసేటప్పుడు అది రేపు ఎవరికి అవసరమవుతుందో ఫొటోగ్రాఫరుకు తెలియదు. తెలియనప్పుడు ఏది అనవసరమో తేల్చే పని తన మీద వేసుకోకూడదు.