పార్వతక్క పేర్చిన చీటీలు

పదిహేడేళ్లుగా ఒక పొగడ్త మోస్తున్నాను. అది నాది కాదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పేస్తున్నాను.

అప్పట్లో నోయిడాలో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో ఉండేవాణ్ని. ఒక ఆసుపత్రి సైటులో ఏ పేజీ ఎక్కడ ఉండాలో, దేని కింద ఏది రావాలో తేల్చడం నా పని. ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్ అనేవాళ్లం, గొప్పగా. నేనేమో ఆసుపత్రి విభాగాల జాబితా ఉన్నదున్నట్టు తెచ్చి, ఇదే మెనూ అన్నాను. ఆసుపత్రివాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు.

దిక్కుతోచక పేజీల పేర్లన్నీ చీటీల మీద రాసుకుని, ధౌలా కువాలో బస్సు దిగి ఢిల్లీ కంటోన్మెంటుకు వెళ్లాను. మా ఒంగోలు వైపు పార్వతక్క అక్కడుండేది. వాళ్లాయన సైన్యంలో హవల్దారు. ఆదివారం భోజనం నాకు వాళ్లింట్లోనే. తిన్నాక చీటీలు నేల మీద పోసి, ఏవేవి కలిసి ఉండాలో పేర్చమన్నాను.

ఆమె విభాగాల జోలికే పోలేదు! ఆదరాబాదరాగా పరుగెత్తుకొచ్చేవాళ్లకు ఒక కుప్ప. మనిషిని చేర్పించి బయట కూర్చున్నవాళ్లకు ఒకటి. ఇంటికి తీసుకెళ్లేవాళ్లకు ఇంకొకటి. ఎందుకలా అని అడిగితే నవ్వింది. ఎనిమిది పోస్టింగులు తిరిగిందట. నల్ల ట్రంకుల్లో సామాను ఎప్పుడూ కొత్త క్వార్టర్లో ఏది ముందు కావాలో, ఏది తర్వాత కావాలో చూసుకుని సర్దుతుందట. దిగిన రోజే కావలసిన స్టవ్వు, పిల్లాడి జ్వరం మందు, తాళంకప్ప, అన్నీ ఒకే పెట్టెలో! నేను లేచి గంతేశాను. పుస్తకాల్లో చదివినా బుర్రకెక్కనిదంతా ఆ గచ్చు మీద కనిపించింది.

మంగళవారం అదే అమరిక నాదిగా చూపించాను. చప్పట్లే చప్పట్లు. ఇలా ఆలోచించే మనిషి ఇంకొకరు కావాలి, చదువు లేకున్నా ఫర్వాలేదు, తెలిస్తే చెప్పు అన్నాడు మా మేనేజరు.

మళ్లీ ఆదివారం వడ్డిస్తూ పార్వతక్క అడిగింది.

“ఏంది తమ్ముడూ, నా చీటీలు అక్కరకొచ్చినాయా?”

“లేదక్కా. వాళ్లకు నచ్చలేదు.”

“అచ్ఛా, పోనీలే. ఇట్టాంటి పని నాబోటోళ్లకు ఎవరన్నా ఇస్తారా? పిల్లలు బడికి పోతే ఖాళీనే గదా.”

“డిగ్రీ అడుగుతారక్కా.”

“ఠీక్ హై. ఇంకాస్త పెరుగేసుకో.”

వేసుకున్నాను. తిన్నాను.

ఎందుకలా అన్నాను? ఆమె ఆఫీసుకు వస్తే నా గుట్టు రట్టవుతుందనా? లేక అంత చదివిన నాకు తట్టనిది, పదో తరగతితో ఆపేసిన మనిషికి అన్నం తిన్నంత తేలిగ్గా తట్టిందన్న కుళ్లా? రెండూను. ఆ ఏడే వాళ్లకు అస్సాం బదిలీ అయింది. కొన్నాళ్లు ఆమే ఫోన్ చేసేది. నేనే ఎత్తడం మానేశాను.

ఇప్పుడు కుర్రాళ్లకు పాఠం చెబుతూ ఆ మెనూ చూపిస్తుంటాను. ఇది మీకెలా తట్టింది సార్ అంటారు. తర్వాతి పాఠానికి వెళ్లిపోతాను.

నాకేమీ తట్టలేదు. ఆ పని పార్వతక్కది. ఆమెకు రావలసిన ఉద్యోగాన్ని రానివ్వనిది నేను. ఇదిగో, రాసేశాను! ఆమె క్షమిస్తుందో లేదో, అడిగే ముఖం నాకు లేదు. అయినా, సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగా ఉంది.