సుభద్రగారు ఆపిన గుండె

వేసవిలో కాలువకు నీళ్లు కట్టేసిన మర్నాడు మా ఊరంతా పచ్చి బురద వాసన వేస్తుంది. ఆ వాసన తగిలితే నాకు డాక్టర్ సుభద్రగారు గుర్తొస్తారు. రాజమండ్రిలో గుండె ఆపరేషన్లు చేసేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, తల్లి లేని నన్ను పెంచిన మా అక్కకు ఆవిడే బైపాస్ చేశారు. అక్కకు షుగరు. అప్పటికే ఒకసారి హార్ట్ ఎటాక్ వచ్చి గుండె బాగా నీరసించింది. ఆపరేషన్‌కు తట్టుకోలేదని మరోచోట వెనక్కి పంపేశారు.

నేను పదో తరగతితో ఆగి రైసుమిల్లులో గుమాస్తాగా చేరినవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల మీదే. గుండె గురించి దొరికిందల్లా చదివి ఆవిడ గదికి వెళ్లాను.

"గుండెను ఆపి కుడతారని చదివానండి. అది చచ్చిపోకుండా మందు కలిపిన చల్లటి రక్తం పంపుతారట. మా అక్కకి నాళాలే పూడుకుపోయాయి కదండీ, మరి ఎలా వెళ్తుందండి?"

ఆవిడ కలం కింద పెట్టారు. "ఏ ఊరు బాబూ మీది?"

సముద్రం పక్క ఊరు. చెప్పాను.

"కాలువ కట్టేముందు ఏం చేస్తారు మీరు?"

"మంచినీళ్ల చెరువు నింపుకుంటామండి."

"మేమూ అంతే. గుండెకు ఆకలి లేకుండా రక్తం నింపాకే ఆపుతాం. సముద్రం పోటు మీదుంటే మీ మురుగుకాలువ ఏమవుతుంది?"

"నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయండి. చేలు మునుగుతాయి."

"అదే దారి. గుండె వాడుకుని వదిలేసిన రక్తం బయటికొచ్చే సిర ఒకటుంది. ముందునుంచి అందని చోటికి అందులోంచి వెనక్కి పంపుతాం."

మా చేలు ముంచే ఎగపోటుతో ప్రాణం నిలబెడతారా! ఏ పుస్తకమూ నాకలా చెప్పలేదు.

"కానీ చాలా ఓపిక తగ్గిన గుండె బాబూ. ఆపాక మళ్లీ లేస్తుందని మాటివ్వలేను" అన్నారు.

అక్కతో చెబితే, "ఆపేత్తారు సరే, మళ్లీ మొదలెట్టడం వచ్చో రాదో అడిగావేంట్రా?" అంది. నవ్వింది గానీ నా చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ రోజు పొద్దువాలాక ఆవిడ బయటికొచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"లేచింది" అన్నారు, పక్కనే బల్ల మీద కూర్చుంటూ. "కుట్లన్నీ అయినా గుండె కదల్లేదు. మావాళ్లు కంగారుపడ్డారు. ఆగమన్నాను. గోరువెచ్చని రక్తం ఇచ్చి, పనంతా గుండె బదులు రక్తం తిప్పే మిషన్‌కి వదిలేసి, ఊరికే ఉండనిచ్చాం. ఆకలి మీదున్నదానికి పని చెబుతామా ఏంటి? కడుపు నిండాక అదే లేచింది."

ఆ తర్వాత నా చదువు తీరే మారింది. పుస్తకంలో ఏది అర్థం కాకపోయినా, అలాంటిది మా నేల మీద ఎక్కడుందా అని వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది. అక్క ఇప్పటికీ పెరట్లోంచి నా మీద కేకలేస్తుంది. వింటూ అలాగే నిలబడిపోతాను. ఈ గుండె ఒకనాడు కాసేపు ఆగింది. ఆగినంతసేపూ దాన్ని ఒకావిడ ఆకలితో ఉండనివ్వలేదు.