బతికున్న చేప రంగు

నాకు ముక్కు మీద కోపం. గాజు పని చేసేవాళ్లకు కోపం పనికిరాదని నాకు పని నేర్పిన విశాఖపట్నం మేడమ్ మొదటిరోజే చెప్పింది. చెయ్యి విసురుగా తిరిగితే పూస వంకర వస్తుందట. నిజమే, వస్తుంది. ఈ పదేళ్లలో నేను చేసిన వంకర పూసలన్నీ దండ గుచ్చితే మా ఊరి నుంచి పలాస దాకా వస్తుంది. అయినా కోపమూ మానలేదు, పూసలూ మానలేదు.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. బల్లకు బిగించిన గ్యాస్ బర్నర్ ముందు కూర్చుని, రంగు గాజు కడ్డీని మంటలో పెడితే కొస కరిగి తేనెలా సాగుతుంది. దాన్ని సన్నటి ఉక్కు పుల్ల మీద చుట్టుకుంటూ, పుల్లను ఆపకుండా తిప్పుతూ పోవాలి. అంతే. ఆ 'అంతే' నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. పుల్లకు ముందే మట్టి పూసి ఆరబెడతాం కాబట్టి చల్లారాక పూస జారి చేతిలోకి వస్తుంది, పుల్ల ఉన్నచోటు కన్నమవుతుంది. కానీ చల్లారేదాకా వేడి బూడిదలో పూడ్చిపెట్టి ఓపిక పట్టాలి. తొందరపడి పైకి తీస్తే టప్పున పగులుతుంది. ఓపిక పట్టడం నాకు చేతకాని మరో పని.

ఇదంతా మా ఇంటి వెనక, కొబ్బరి చెట్ల కింద ఉన్న వలల పాకలో జరుగుతుంది. ఆ పాక మా నాన్నది. నలభై ఏళ్లు వేటకు వెళ్లిన మనిషి. మా ఉద్దానంలో ఇంటికొకరికి అన్నట్టు వచ్చే కిడ్నీ జబ్బు ఆయనకూ వచ్చింది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ఆటోలో పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. నీళ్లు కొలిచి తాగాలి. కొబ్బరితోటలో ఇల్లు కట్టుకున్న మనిషిని కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దన్నారు. దాన్నీ ఓర్చుకున్నాడు. సముద్రం మీదకు వెళ్లొద్దన్న మాట మాత్రం ఓర్చుకోలేకపోయాడు. వలలు మా బావకు, అంటే మా అక్క మొగుడికి ఇచ్చేసి అరుగు మీద కూర్చున్నాడు. ఖాళీ అయిన పాకలోకి నా బల్ల వచ్చింది. మాటలు తగ్గాయి. ఆ తర్వాత తిట్లు కూడా తగ్గాయి. మా నాన్న తిట్టడం మానేశాడంటే అప్పుడు భయం వేసింది నాకు.

ఒక మంగళవారం పొద్దున ఆటో వచ్చి నిలబడ్డాక, "ఇంక నాను రాను. మీరెల్లండి," అన్నాడు.

"మేం వెళ్లి ఏం చేస్తాం నాన్నా? డయాలసిస్ మాకా?" అని అరిచాను.

మా అమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక ఎక్కాడు. అప్పటినుంచి ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం మా ఇంటి ముందు కురుక్షేత్రమే. రెండుసార్లు వరసగా మానేస్తే ఏం జరుగుతుందో డాక్టరు చెప్పనక్కర్లేదు, మా వీధిలో చాలామందికి తెలుసు. ఏదో ఒక రోజు అమ్మ ఏడుపుకి కూడా లేవడని నాకు అర్థమవుతూనే ఉంది. ఏం చేయాలో మాత్రం తోచేది కాదు.

అలాంటి రోజుల్లోనే నాకు ఆక్సిజన్ మిషన్ దొరికింది. ఉత్త గ్యాస్ మంటతో గాజు ఒక పట్టాన కరగదు, మసి పట్టి రంగులు చెడతాయి. ఆక్సిజన్ కలిస్తే మంట నీలంగా, సూదిలా వస్తుంది. కరోనా రోజుల్లో కొని అటక మీద పడేసిన మిషనొకటి టెక్కలిలో ఒకరి దగ్గర ఉందని తెలిసి, వెళ్లి కొనుక్కుని ఆటోలో వేసుకుని వచ్చాను. ఊరి మొదట్లో డ్రైవరు టీకి ఆపాడు. అక్కడే జరిగింది నా తప్పు. నీళ్ల బిందెలతో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆటోలోకి తొంగి చూశారు. "అది ఊపిరి మిసన్ గదేటి?" అని ఒకావిడ అడిగింది. "అవును," అన్నాను. ఎండలో వచ్చిన చిరాకులో అంతకన్నా వివరం చెప్పలేదు.

నేను పాకలో మిషన్ దించి గొట్టం బిగించేసరికి మా వాకిలి నిండిపోయింది. గోరంత కనిపిస్తే కొండంత చేసే ఊరు మాది. ఇరవై మంది దాకా వచ్చారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన ఆరు కొబ్బరి బొండాలు తెచ్చాడు. తాగకూడదని తెలుసు కదా అని అమ్మ అంటే, "ఇంకేటున్నాది అత్తా, తాగనీ," అన్నాడు. ఒక ముసలావిడ అరుగు ఎక్కి మా నాన్న గడ్డం పట్టుకుని, "ఓలమ్మో, కొండలాంటి మనిసివి, ఇలగైపోనావేటి నాయనా!" అని రాగం ఎత్తుకుంది.

మా నాన్న ఆవిడ చేతిని తీసి పక్కన పెట్టాడు. వాకిలంతా కలయజూశాడు. అప్పుడు అరిచాడు. తుఫాను గాలిలో పడవ మీదవాళ్లకు వినిపించేట్టు అరిచే గొంతు అది. నేను ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

"నాను సచ్చిపోనానని ఎవుడు సెప్పినాడ్రా?"

రాగం తీస్తున్న ముసలావిడ కూడా నోరు మూసింది. ఆఖరికి బొండాలాయన మెల్లిగా, "మరి ఆ ఊపిరి మిసన్ ఎవుళికి మావా?" అన్నాడు.

నేను పాకలోంచి బయటికి వచ్చి, "నా పూసలకి," అన్నాను.

"పూసలకా? పూసలకి ఊపిరాడ్డం లేదేటి?" అంది ముసలావిడ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మా అమ్మ కూర్చుండిపోయి మరీ నవ్వింది. మా నాన్న పళ్లు బిగించి చూశాడు, కాసేపు ఆగాడు, ఇక ఆగలేకపోయాడు. వచ్చినవాళ్లు బొండాలు వాళ్లే కొట్టుకుని తాగి వెళ్లారు.

వాళ్లు అటు వెళ్లగానే నాన్న పాకలోకి వచ్చాడు. నేను అక్కడ బల్ల వేసుకున్నాక ఆయన గుమ్మం దాటి రావడం అదే మొదటిసారి. "ఏదీ, నన్ను సంపేసిన మిసన్ సూపించు," అన్నాడు. చేపల గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మంట వెలుగు కళ్లకు కొట్టకుండా పెట్టుకునే ఊదారంగు అద్దాలు ఇంకో జత ఉంటే ఇచ్చాను. అవి పెట్టుకుని అరగంట కదలకుండా చూశాడు. తర్వాత బల్ల మీద ఉన్న పూసల్లో ఒకటి తీసుకున్నాడు. అది నాకు గర్వంగా ఉన్న పూస. హైదరాబాదు షాపు ఒకటి చెవి జూకాలకు అడిగితే చేసిన చిన్న చేప. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

"ఇదేటి?"

"చేప నాన్నా. కవళ్లు."

కవళ్లంటే వేలెడంత ఉండే వెండి చేపలు, మా వైపు రోజూ కూరలోకి వచ్చేవే. ఆయన పూసను అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టేశాడు.

"సచ్చిన సేప," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! హైదరాబాదు వాళ్లు మెచ్చుకున్నారు, ఫోటోలు పెట్టుకున్నారు, నీకేం తెలుసు అని గట్టిగానే అడిగాను. ఆయన తొణకలేదు.

"సంతలో గంపలో సూసి సేసినావు. గంపలోకొచ్చినాక రంగు పోద్ది. బతికున్నప్పుడు ఈపు నీలం కాదు, పచ్చా కాదు, రెండిటికీ మద్దిన. పక్కన సన్నంగా పసుపు గీత. కడుపు మెరుత్తాది గాని అద్దంలాగ కాదు. ఇలగ సేత్తే కోనాం మొకం కూడా తిప్పదు."

కోనాం పెద్ద చేప, కవళ్లను తరిమి తింటుంది. నాన్న కుర్రతనంలో గాలంతో కోనాలు పట్టడంలో పేరున్నవాడట. గాలం పైన ఎరగా కవళ్లలాంటిది ఏదో ఒకటి, తెల్లగుడ్డ పీలికో మెరుపు కాగితమో కట్టేవారట. అప్పటికప్పుడు నాకు పంతం పుట్టింది. "అయితే కోనాం మొహం తిప్పే చేపను చేస్తాను. కూర్చుని చెప్పు," అన్నాను.

అలా మొదలైంది. ఆసుపత్రి లేని రోజు పొద్దున్నే అద్దాలు పెట్టుకుని గంప మీద కూర్చునేవాడు. "పెళ్లికెల్తన్నావేటి?" అని అమ్మ ఆటపట్టించేది. కడుపు మెరుపు కోసం వెండి రేకు కావలసి వచ్చింది. పలాసలో జీడిపప్పు బిళ్లల మీద అంటించే రేకు గుర్తొచ్చి, మిఠాయి కొట్టాయన్ని అడిగి తెచ్చాను. దాన్ని వేడి గాజుకు చుట్టి పైన రంగులేని గాజు పొర కప్పితే లోపల్నుంచి మెరుపు వచ్చింది. ఎగిరి గంతేశాను. నాన్న చూసి, "మిఠాయిలాగున్నాది," అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పదిహేను పూసలు చేశాను. ఒకటి లావు, ఒకటి ముసలిది, ఒకటి జబ్బు చేపట. ఒకరోజు విసిగిపోయి కడ్డీ విసిరేశాను. ఆయన నిదానంగా వంగి కడ్డీ తీసి ఇచ్చాడు.

"నివ్వు పడవలోంచి సూసినట్టు సేత్తన్నావు. కోనాం కిందనుంచి సూత్తాది. కోనాం ఏపునుంచి సూడు," అన్నాడు.

పదేళ్లుగా పూసలు చేస్తున్నాను. ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. పూసను తలపైకి ఎత్తి, కిటికీ వెలుతురుకు అడ్డంపెట్టి కిందనుంచి చూశాను. కడుపులో రేకు మరీ ఎక్కువైంది, వెలుతురు దాటి రావడం లేదు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఒక మంగళవారం ఆటో ఎక్కుతూ ఒక మాట అన్నాడు. "ఈ సేప అయిపోనివ్వు. తరవాత నన్నింక ఎక్కడికీ లాక్కెల్లకండి." కోపంగా కాదు, మామూలుగా, చేతిలో పని ముగించి ఇంటికి పోతానన్నట్టు అన్నాడు. పలాస దాకా నేను నోరెత్తలేదు. నోరెత్తకపోవడం నా వంశంలోనే లేదు.

తర్వాతి రోజు రేకు తగ్గించి చేసిన పూస చాలావరకు కుదిరింది. పసుపు గీత ఒక్కటే మిగిలింది. గీస్తే అయిపోతుంది. గీస్తే అయిపోతుందని తెలిసే చెయ్యి పక్కకు జరిపాను. గీత పొట్ట మీదికి దిగిపోయింది. "అయ్యో, పోయింది," అన్నాను. గురువారం కూడా ఇలాగే పోగొట్టాను, చేప కాలేదు కాబట్టి శుక్రవారం ఆటో ఎక్కాడు. శనివారం మళ్లీ పోగానే నాన్న అద్దాలు తీసి నా వైపు చూశాడు.

"కావాలని పాడుసేత్తన్నావు."

"లేదు నాన్నా."

"ఓలె గుంటా, నలబైయేల్లు నీల్లని సూసినాను. నీ సెయ్యి తెల్దేటి నాకు? పనికి అబద్దం సెప్పకు. సరీగ్గా సెయ్యి."

బర్నరు ఆపేసి ఏడ్చాను. చేప అయిపోతే నువ్వు ఆటో ఎక్కనన్నావు కదా, అందుకే పాడు చేస్తున్నాను అని చెప్పేశాను. ఆయన అద్దాలు బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి వెళ్లి అరుగు మీద పడుకున్నాడు.

పనికి అబద్ధం చెప్పొద్దన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు పొద్దున్న ఒక్కదాన్నే కూర్చుని చేశాను. నీలానికీ పచ్చకీ మధ్య వీపు, లోపల పలచగా రేకు, పక్కన వెంట్రుకంత పసుపు గీత. బూడిదలోంచి తీసి తలపైకి ఎత్తి చూస్తే నాకే ఎటో ఈదిపోతున్నట్టు అనిపించింది. అరుగు మీదికి తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. ఆయన కూడా ఎత్తి, కిందనుంచి చూశాడు. వేటకు బయల్దేరుతున్న మా బావను పిలిచి, గాలానికి ఎలా కట్టాలో చూపించి ఇచ్చేశాడు.

"పూసలతో సేపలు పడతారేటి మావా? సేపకి పుస్తి కట్టమంటావేటి?" అని బావ నవ్వాడు.

"నోర్ముయ్యి. నాలుగు బారల తాడు ఒదులు. పడవ ఆపకు," అన్నాడు నాన్న.

మర్నాడు, సోమవారం మధ్యాహ్నం బావ ఒడ్డునుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. భుజానికి అటొక కోనాం, ఇటొక కోనాం. "మరదలా, నీ పూసకి రెండు!" అని వీధి మొదట్లోనే కేకలు. వెనక ఊరంతా ఉంది. తమకూ పూసలు కావాలని అప్పటికే ఐదుగురు అడిగారట. నాన్న చేపల వంక కూడా చూడలేదు. పూసను అడిగి తీసుకున్నాడు. తోకవైపు చిన్న పెచ్చు లేచింది, పంటి గాటు. దాన్ని బొటనవేలితో మళ్లీ మళ్లీ తడిమాడు. అమ్మ కూర వండింది. డాక్టరు చెప్పినంత, ఒకే ముక్క వేసింది. ఎప్పటికంటే నిదానంగా తిన్నాడు.

నేను సరిగా తినలేకపోయాను. మర్నాడు మంగళవారం.

పొద్దున ఆటో చప్పుడు విని, ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూ బయటికి వచ్చాను. అరుగు ఖాళీగా ఉంది. నాన్న ఆటోలో ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, నాకు చోటుంచి పక్కకు జరిగి కూర్చున్నాడు.

"ఏటలగ సూత్తన్నావు? ఎక్కు," అన్నాడు.

ఎక్కాను. జీడితోటలు దాటాం. అప్పుడు ఆయనే మొదలుపెట్టాడు.

"మొన్నటిది సలికాలం సేప. వానాకాలం నీల్లు మారిపోతాయి, సేప రంగూ మారిపోద్ది. అప్పుడిది పనికిరాదు."

"మరి వానాకాలం రంగేంటి నాన్నా?"

"ఇప్పుడు సెప్తే నీకు బుర్రకెక్కదు," అన్నాడు. "వానలు పడనీ. అప్పుడు పక్కన కూకోని సెప్తాను."