తియ్యనీళ్లు, తెల్లటి మడ్డి

మా కెమిస్ట్రీ సారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున, మైదుకూరులో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ ల్యాబులో ఉండగా, ఆత్మకూరు నుంచి, అక్కడి కాలేజీలో నాతోపాటు చదువుకున్నామె ఫోన్ చేసింది. "సారు నిద్దర్లోనే పోయినాడే. జుమ్మా నమాజు అయినాక తీసకపోతారంట" అని చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముఖం కడుక్కొని వచ్చి, ఆ రోజు పాఠం పక్కన పెట్టి పిల్లలకు ఆయన సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికే క్లాసంతా నవ్వులు. ఆయన గురించి ఏడుపు గొంతుతో చెప్పడం నాకు చేతకాదని అప్పుడు తెలిసింది. కాబట్టి మీకూ అట్లాగే చెబుతాను.

సారు బక్కమనిషి, గొంతు మాత్రం రెండు వీధులకు వినబడేది. పాత స్కూటర్ మీద వచ్చేవారు. అది దారిలో ఎక్కడో ఒకచోట మొరాయించేది, ఆయన చొక్కా చేతికి గ్రీజు అంటేది. ఒకరోజు ఆ మరకతోనే క్లాసులోకి వచ్చి దాని మీద నీళ్లు పోసి రుద్దారు. మరక ఇంకా పెద్దదైంది. తర్వాత గుడ్డముక్కను కిరోసిన్‌లో తడిపి తుడిచారు, గ్రీజు వదిలింది. "చూసినారా? గ్రీజుకు నీళ్లంటే పడదు, కిరోసిన్ అంటే పానం. ఏది దేంట్లో కరుగుతాదో తెల్లాలంటే ముందు దాని స్నేహాలు తెల్లాల" అన్నారు. ఆ సాయంత్రం దాకా ఆయన పక్కన నిలబడితే కిరోసిన్ కంపు. ప్రిన్సిపాల్ గారు ముక్కు మూసుకున్నారు కూడా. సారు పట్టించుకుంటేనా!

ఉప్పు పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆయనకు ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి ఏడూ కొత్త పిల్లల్లో ఎవరి ఊరి నీళ్లు వాళ్ల చేత సీసాలో తెప్పించేవారు, దాంతోపాటు ఇంట్లోంచి ఒక స్టీలు తట్ట, అన్నం తినే పళ్లెం. అందరి తట్టల్లో నీళ్లు పోయించి కాలేజీ మిద్దె మీద ఎండలో పెట్టించేవారు. మా ఎండలు తెలుసు కదా, సాయంత్రానికి చుక్క మిగిలేది కాదు. తట్టల అడుగున తెల్లటి పొర మిగిలేది. మా ఊరి తట్టలో అయితే సున్నం పూసినట్టే ఉంది. నాకు సిగ్గేసింది.

"సిగ్గెందుకమ్మా? పొద్దున ఈ ఉప్పు యాడ ఉండె?" అని అడిగారు సారు.

"నీళ్లలో కరిగిపోయింది సార్."

"కరిగితే పోయినట్లా బేటా? ఈడనే ఉండాది. ఉప్పు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోని ఉంటాయి. నీళ్లు వాటిని నలుదిక్కులా చుట్టుకోని లాగుతాయి. నీళ్ల లాగుడు గెలిస్తే కరిగినట్ల, ఉప్పు పట్టు గెలిస్తే మిగిలినట్ల. అంతే కథ. కనపడనంత మాత్రాన లేదనుకోవద్దండి."

ఇంతే పాఠం. కొన్ని మాత్రం బట్టీ పెట్టించేవారు. అందులో ఒకటి, నైట్రేట్ ఏదైనా సరే నీళ్లలో కరిగి తీరుతుందని. "నా స్కూటర్ను నమ్మకండి, ఈ మాటను నమ్మండి" అనేవారు.

ఇక ఇంటర్ ప్రాక్టికల్ పరీక్ష నాటి సంగతి. మా నాయన ముందే తేల్చి చెప్పినాడు, ఒక్కదాంట్లో తప్పినా పుస్తకాలు అటకెక్కించి మిరపతోటలోకి రావాలని. నాయన చెడ్డవాడేమీ కాదు, కాకపోతే అన్నమాట తప్పడు. మా ఇంట్లో అంతవరకు చదివిన ఆడపిల్ల నేనొక్కదాన్నే.

పరీక్షకు కర్నూలు నుంచి ఎగ్జామినర్ వచ్చారు. తలా ఒక తెల్లటి పొడి ఇచ్చి, అదేమిటో కనుక్కోమన్నారు. నా పొడిలో రాగిముక్క, ఆసిడ్ వేసి వేడి చేస్తే గోధుమరంగు పొగ లేచింది. అంటే నైట్రేట్. ఎగిరి గంతేసినంత పనైంది. అయితే డిస్టిల్డ్ వాటర్ డబ్బాలోని నీళ్లు పోసి కలిపితే కరగలేదు, పాలలాగా తెల్లబడి అడుగున మడ్డి దిగింది. నైట్రేట్ కరగకపోవడమేమిటి? చుట్టూ చూస్తే అందరి గాజుగొట్టాల్లోనూ సిల్వర్ నైట్రేట్ వేయగానే పాలు విరిగినట్టు తెల్లగా వస్తోంది. అట్లా వస్తే అందులో క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేదే, ఉన్నట్టు లెక్క. అందరూ హాయిగా క్లోరైడ్ అని రాసేస్తున్నారు.

ఎగ్జామినర్ నాలుగు కాగితాలు చూసి ఎర్రబడ్డారు. "అందరికీ క్లోరైడేనా? నేను ఒక్కరికి కూడా క్లోరైడ్ ఇయ్యలేదే! ఒకర్ని చూసి ఒకరు గీకినారు. బ్యాచ్ మొత్తానికి సున్నా పెడతా" అన్నారు.

నేను సారు వైపు చూశాను. పరీక్షలో మా సారు మాతో మాట్లాడకూడదు, అది రూలు. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఒక్క సైగ చేసినా పోయేదేముందని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఆలోచన వచ్చింది. పొడిలో లేని క్లోరైడ్ ఎక్కడినుంచో రావాలి కదా. శుభ్రంగా ఉన్న గొట్టం తీసుకొని, పొడి ఏమీ వేయకుండా డబ్బాలోని ఉత్త నీళ్లే పోసి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాను. తెల్లగా విరిగింది.

"సార్, దీంట్లో పొడే లేదు. ఉత్త నీళ్లు. నీళ్లలోనే ఉండాది క్లోరైడ్."

ఎగ్జామినర్ నమ్మలేదు. తానే ఇంకో గొట్టం కడిగి, తానే చుక్కలు వేసి చూశారు. మళ్లీ తెలుపే. "నీళ్లను పరీక్ష చెయ్యమని ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"ఈ పొద్దు ఎవ్వరూ చెప్పలా సార్. మా ఇంటి తట్టలో చూసినా."

మిద్దె మీద తట్టల సంగతి విని ఆయన పడీపడీ నవ్వారు. మంచి మనిషి, తప్పు తెలిశాక క్షణం ఆగలేదు. అటెండరన్నను పిలిపించారు. పాపం, డబ్బా ఖాళీ అయిందని ఆయన పొద్దున్నే ఊరవతల తియ్యనీళ్ల బావికి పోయి బిందెతో మోసుకొచ్చి నింపాడట. "బోరునీళ్లు ఉప్పు గదా సార్. పిల్లోల్ల పరీచ్చ అని శానా మంచి నీళ్లు తెచ్చినా" అన్నాడు. మా సీమలో తియ్యనీళ్లను మించిన నీళ్లు ఇంకేముంటాయి మరి!

బస్టాండు పక్కన బ్యాటరీల అంగడి నుంచి బ్యాటరీలో పోసే నీళ్ల క్యాన్లు తెప్పించారు. అవి అసలైన డిస్టిల్డ్ వాటర్, ఏ ఉప్పూ లేనివి. అందరం మొదటినుంచి మళ్లీ చేశాం. నా పొడి ఇట్టే కరిగింది, మడ్డి లేదు, మసక లేదు. ఇందాకటి మడ్డి, బావినీళ్లలో నాలుకకు తెలియకుండా ఉన్న ఉప్పులు పొడిలోని సీసాన్ని పట్టుకున్నందుకు వచ్చిందన్నమాట. లెడ్ నైట్రేట్ అని పెద్ద అక్షరాలతో రాశాను. ఎగ్జామినర్ నా కాగితం చూసి, "ఈ అమ్మాయి తప్పదు. ఈ బ్యాచ్‌లో ఎవరూ తప్పరు" అని అందరికీ వినబడేటట్టు అన్నారు. ఆ రోజు గెలిచింది నేనని ఊరంతా అనుకున్నారు. కాదు, సారు గెలిచారు. నోరు విప్పకుండా గెలిచారు. నాయన మాట మీద నిలబడ్డాడు, నేను చదువుతూ పోయాను, ఈ రోజు నేను చెప్పే ప్రతి పాఠమూ ఆ గెలుపులోదే.

పరీక్ష ముగిసి బయటికొస్తే, వరండాలో అటెండరన్న బిందె పక్కన తల వంచుకొని కూర్చున్నాడు. సారు నేరుగా ఆయన దగ్గరికి పోయి, స్టీలు గ్లాసు బిందెలో ముంచి, గటగటా తాగేశారు. "అబ్బా, ఏం నీళ్లప్పా! తలెందుకు దించుకుంటావు? ఇంత మంచి నీళ్లు గొట్టాల్లో పోసేటివి కావు, గొంతులో పోసుకునేటివి" అన్నారు. ఎగ్జామినర్ గారికీ ఒక గ్లాసు ఇచ్చారు. తర్వాత మళ్లీ ముంచి, నీళ్లు మోచేతి దాకా కారుతుండగా నా వైపు చాపారు. పొద్దుటినుంచి నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, అప్పుడు నోరు విప్పారు.

"తాగు బేటా. ఇంక మాట్లాడొచ్చు మనం."