తాతయ్య నిద్రపుచ్చిన ఇరవై షెల్‌లు

ఈ లోకంలో కంప్యూటర్‌ని కసిరి పని చేయించుకోగల మొనగాడు మా తాతయ్య ఒక్కడే. మిగతావాళ్లంతా మౌసు పట్టుకుని దాన్ని బతిమాలుకునేవాళ్లే.

పశువుల ఆసుపత్రిలో ఏ కుక్కకి ఏ టీకా ఎప్పుడు వేశారో ఎక్కించడం ఆయన ఉద్యోగం. బొమ్మలూ బటన్లూ ఆయనకి గిట్టవు. నల్ల తెర తెరిచి, టీకాల లెక్కలు దాచిన డేటాబేస్‌తో నేరుగా మాట్లాడే షెల్‌లోకి దిగి, ఈ వారం సూది పడాల్సిన కుక్కలేవో దాని భాషలోనే టకటకా అడుగుతాడు. జాబితా బిలబిలా దిగుతుంది. పనయ్యాక కంట్రోల్ జెడ్ నొక్కి, ఎంటర్ కొట్టి బయటపడతాడు. విండోస్‌లో పద్నాలుగేళ్లుగా ఇదే తంతు.

ఈమధ్య డాక్టరమ్మ పాత కంప్యూటర్ తీసేసి లినక్స్‌ది పెట్టించింది. "నల్ల తెర ఎక్కడైనా నల్ల తెరే," అని తాతయ్య బోర విరిచాడు. నిజమే, షెల్ అలాగే తెరుచుకుంది. కంట్రోల్ జెడ్ నొక్కితే అలాగే మాయమైంది.

శనివారం నేను బడి ఎగ్గొట్టి ఆసుపత్రికి వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండుకల్లా అరవై కుక్కల్ని ఎక్కించాలి; అన్నీ అయ్యాకే ఒకేసారి భద్రం చేయడం తాతయ్య అలవాటు. సగంలో ఉండగా వరండాలో ఓ కుక్క కాంపౌండర్ ప్యాంటు పట్టుకుంది. రాసింది పోతే మళ్లీ కొట్టుకోవచ్చులే అని తాతయ్య కంట్రోల్ జెడ్ నొక్కి పరిగెత్తాడు. తిరిగొచ్చి కొత్త షెల్‌లో మొదటి కుక్కని ఎక్కించబోతే, డేటాబేస్‌కి తాళం పడి ఉందంది.

"తాళమేంటే? నువ్వేమైనా కెలికావా?"

"నేను బిస్కెట్ తింటున్నా తాతయ్యా!"

డాక్టరమ్మ తొంగి చూసింది. "బాబాయ్ గారూ, కష్టమైతే చెప్పండి. సోమవారం నుంచి ఈ కుర్చీలో కాంపౌండర్ని కూర్చోబెడతాను."

తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ కంట్రోల్ జెడ్ నొక్కి, అసలు నల్ల తెరనే మూసేయబోయాడు. అది మూసుకోకుండా ఒక మాట చూపించింది. నేను చదివాను. "ఆగిపోయిన పనులున్నాయట."

"ఆగింది నా పని. దానికేం తెలుసు!"

అయినా, కంప్యూటర్ పెట్టినవాడు ఇచ్చిన కాగితాన్ని సొరుగులోంచి తొలిసారి బయటికి తీశాడు. అందులో ఉంది: ఇక్కడ కంట్రోల్ జెడ్ షెల్‌ని మూయదు, నిద్రపుచ్చుతుంది. మూయాలంటే కంట్రోల్ డి.

ఎన్ని నిద్రపోతున్నాయో అడిగితే ఇరవై వరసగా బయటపడ్డాయి. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. తాతయ్య పళ్లు కొరుక్కుంటూ ఒక్కోదాన్నీ లేపి మూశాడు. పందొమ్మిదోది లేచేసరికి, సగంలో వదిలిన ముప్ఫై ఒక్క కుక్కలూ చెక్కుచెదరకుండా దాని ఒళ్లోనే ఉన్నాయి! వాటిని పట్టుకుని కూర్చుని, మిగతా షెల్‌లు లోపలికి రాకుండా తాళం వేసింది అదే.

పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా అరవై పూర్తయ్యాయి. డాక్టరమ్మ జాబితా చూసి, సంతకం పెట్టి వెళ్లిపోయింది. తాతయ్య మంచినీళ్లకి లేవగానే నేను ఆ కుర్చీలో కాళ్లూపుతూ కూర్చున్నాను.

"ఆ మాట చదివింది నేను. ఈ కుర్చీ నిలబడింది నా వల్లే కదా తాతయ్యా?"

"నువ్వు చదివావు, నవ్వావు. ఇరవై మూసింది నేను. లే అందులోంచి."