బూర ఊదనన్న మేస్త్రి

మా బామ్మర్ది ఒకసారి చుక్క వాన లేని రోజున, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నడిరోడ్డు మీద ఒక బ్యాండును మొత్తానికి మొత్తం నీళ్లలో ముంచేశాడు. ఆ బ్యాండులో ఉన్నవాళ్లంతా ఫైరింజన్ మనుషులు, నీళ్లతోనే బతికేవాళ్లు. అయినా ఒక్కడూ తేలలేదు.

సరే, కాస్త వెనక్కి తగ్గుతాను. మునిగింది మనుషులు కాదు, వాళ్ల పాట. ఆ నీళ్లు కూడా అన్నీ కలిపి పోస్తే ఓ చెంబు నిండుతుందేమో. కానీ మునగడం నిజం, ముంచింది మా ఆవిడ తమ్ముడేనన్నదీ నిజం. కావాలని చేసిన పని కాదు. పెళ్లాం ఊపిరి కాపాడుకోబోయి చేశాడు.

వాడిది బ్యాండు వాయిద్యాలు బాగుచేసే పని. ఇత్తడి బూరల సొట్టలు తీస్తాడు, కారే చోట మాట్లు వేస్తాడు, బిగుసుకుపోయిన మీటలు కదిలిస్తాడు. వీధిలో అందరూ బూరల మేస్త్రి అంటారు. ఆ షాపులో ఓనరుగారి నాన్న కాలం నుంచి ఒక పద్ధతి ఉండేది. బాగైన బూరను ముందు గదిలోకి తెస్తారు. బయటి రొద వినపడకుండా తలుపులు, కిటికీలు మూసేస్తారు. మేస్త్రి ఒక పొడుగాటి స్వరం ఊది, పెదవుల దగ్గరి మౌత్‌పీసును చొక్కా అంచుతో ఒక్క తుడుపు తుడిచి, వేడి ఆరకముందే బూర సొంతదారు చేతికిస్తాడు. ఆయన అదే మౌత్‌పీసుతో అదే స్వరం ఊదుతాడు. ఓనరుగారు కుర్చీలో కళ్లు మూసుకుని రెండూ విని, "రెండు గొంతులూ ఒక్కటే, తీసుకెళ్లు" అంటే బాగైనట్టు. ఈలోగా ఎవరైనా మౌత్‌పీసు మార్చినా, కడిగినా, మళ్లీ మొదటికే.

అప్పట్లో దాన్నెవరూ తప్పుపట్టలేదు. తర్వాత ఆ మహమ్మారి వచ్చింది. షాపుకు తాళం పడింది. బ్యాండులన్నీ పెట్టెల్లోకి వెళ్లాయి. మా బామ్మర్ది భార్య ఆస్పత్రికి వెళ్లింది.

ఆమె నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఒకప్పుడు ఆమె మాట్లాడటం మొదలుపెడితే మా ఆవిడకు ఆడపడుచు హోదాలో కూడా మధ్యలో దూరడానికి సందు దొరికేది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చాక సగం వాక్యంలో ఆగిపోయి, ఊపిరి తెచ్చుకుని, మిగతా సగం చెప్పేది. పంపించేటప్పుడు డాక్టరు మా వాణ్ని పక్కకు పిలిచి ఒకే మాట అన్నాడు. "ఈసారికి గట్టెక్కింది. ఇంకోసారి తగిలితే నేను మాటివ్వలేను. ఆవిడ బయటికి వెళ్లదు కాబట్టి, ఇంట్లోకి మోసుకొచ్చేది ఎవరో మీరే ఆలోచించుకోండి."

ఆ మాట వాడిలో ముల్లులా దిగిపోయింది.

ఆంక్షలు ఎత్తేశారు. కొట్ల ముందు గీసిన గుండ్రాలు చెప్పుల కింద అరిగిపోయాయి. చేతులు కడుక్కునే సీసాలు ఎండిపోయి, వాటిలో పెన్నులు పెట్టుకున్నారు. జనం మూతులు బయటపెట్టుకుని తిరుగుతూ, ఎన్నాళ్లకో ఒకరి పళ్లు ఒకరు చూసుకుని మురిసిపోయారు. మా వాడు మాత్రం మాస్కు తీయలేదు. బస్సులో ఎవరైనా దగ్గితే దిగిపోయేవాడు. తర్వాతి బస్సెక్కేవాడు. అందులోనూ ఎవరో ఒకరు దగ్గేవారు. ఒకరోజు ఇలా ఎక్కుతూ దిగుతూ, దిగుతూ ఎక్కుతూ, షాపు దాటిపోయి చుట్టూ తిరిగి మళ్లీ ఇంటి దగ్గరే తేలాడని మా ఆవిడ అంటుంది. తమ్ముడి విషయంలో ఆవిడ కాస్త ఎక్కువ చెబుతుంది. నేను రాసింది అందులో సగమే.

ఇంటికొస్తే పెరటి వైపు నుంచి వచ్చేవాడు. చొక్కా బయటి తీగ మీద, స్నానం, ఆ తర్వాతే గడప. భోజనం గుమ్మంలో కూర్చుని. రెండు ముద్దలు తిని లేచి కిటికీలు తెరిచి ఉన్నాయో లేదో చూసొచ్చేవాడు.

"తెరిచే ఉన్నాయండీ," అనేది ఆమె. "మీరు చూసిన ప్రతిసారీ..." ఊపిరి. "తెరిచే ఉంటాయి. అవి మీలాగా తిరగవు."

షాపులో ఓనరుగారు మొదటి రోజే తలుపు మీది జాగ్రత్తల కాగితం చింపేసి, ముందు గది కిటికీలు మూయించాడు. ఆయన చెడ్డవాడు కాదు. మూతబడ్డ షాపును మళ్లీ నిలబెట్టాలి, పాత పద్ధతి తిరిగొస్తే పాత గిరాకీ తిరిగొస్తుందని ఆశ. పైగా అగ్నిమాపక శాఖ వాళ్ల బ్యాండు బూరలన్నీ ఒకేసారి బాగుకు వచ్చాయి. కొత్త ఫైరు స్టేషను ప్రారంభానికి కవాతు.

"ఏవయ్యా, ఊరంతా మామూలుగా ఉంటే నీకొక్కడికేం వచ్చింది?" అన్నాడు.

"ఊరంతా వచ్చి నా బూర ఊదదు కదండీ. ఊదిన నలుగురితోనే నా భయం."

"తుడిచే ఇస్తాం కదా."

"చొక్కా అంచుతో."

"మా నాన్న రోజుల నుంచీ అదే చొక్కా అంచు."

"నా భయమూ అదేనండీ."

ఓనరుగారు నవ్వలేదు. "ఈ ఆర్డరుకు పరీక్ష జరగాల్సిందే. నువ్వు ఊదుతావో, నీ బదులు ఎవరి చేత ఊదిస్తావో నాకనవసరం."

ఎవరి చేత ఊదించాలా అని మా వాడు రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మూడో రోజు పాత సామాన్ల కొట్టు నుంచి ఒక కొలిమితిత్తి మోసుకొచ్చాడు. సైకిలు ట్యూబు కోసి రెండు పెదవులు చేశాడు. వాటిని చెక్కకు బిగించి, వెనక తిత్తి తగిలించి, కాలితో తొక్కాడు. మొదటి కూతకు వీధి చివర కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. మర్యాద కొద్దీ నిలబడ్డాయని నేనంటాను, పారిపోవడానికని మా ఆవిడ అంటుంది. రబ్బరు బిగువు సరిచేస్తూ సరిచేస్తూ పోయేసరికి నిజంగానే స్వరం పలికింది. నికార్సయిన స్వరం.

ఓనరుగారు కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. "మా నాన్న ఉంటే నన్ను తన్నేవాడు. కానీ గొంతు బాగుంది," అన్నాడు.

బూరలు తీసుకెళ్లడానికి బ్యాండు మాస్టరు వచ్చాడు. పెద్ద మీసాల మనిషి, నిలబడినా కవాతు చేస్తున్నట్టే ఉంటాడు. రబ్బరు మూతి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది మావాళ్ల కంటే నయం. సిగరెట్టు తాగదు, సెలవడగదు."

"మీరూ ఒకసారి ఊది చూస్తారా?" అన్నాడు ఓనరుగారు, పాత అలవాటు కొద్దీ.

"అక్కర్లేదండీ," అని మా వాడు మధ్యలో దూరాడు. "గంటసేపు ఊదినా అలసిపోని మూతి అది. అది బాగుందంటే బాగున్నట్టే."

నిజానికి బూరలు ముందురోజే ఇవ్వాలి. కానీ మా వాడు ఒక్కోదాన్నీ మళ్లీ మళ్లీ ఆ రబ్బరు మూతి మిషనుకు తగిలిస్తూ కవాతు రోజు పొద్దున్న వరకు వదల్లేదు. సాధన చేసుకునే వ్యవధి వాళ్లకు లేకుండా పోయింది.

కవాతు చూడటానికి నన్నూ తీసుకెళ్లాడు. జనానికి ఎడంగా, ఒక ఇంటి మెట్ల మీద నిలబడ్డాం. మొదటి పాట గంటలా మోగింది. మాస్కు పైన వాడి కళ్లు మెరిశాయి. అంత స్థిమితంగా వాణ్ని చూసి చాలా కాలమైంది. రెండో పాట సగంలో ఎక్కడో గుడగుడమంది. తర్వాత పక్కవాడి బూరలో గుడగుడ. కాసేపటికి బ్యాండు మొత్తం పొయ్యి మీది కుండలా మరగడం మొదలుపెట్టింది. వాయించేవాళ్లు బూర కిందున్న చిన్న మీటను నొక్కుతున్నారు, విదుపుతున్నారు, మళ్లీ ఊదుతున్నారు. వెనక వరసలోని పెద్ద బూర ఒక్క తుంపర విసిరితే, ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ గొడుగు విప్పుకుంది. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. బ్యాండు మాస్టరు మీసాలు రెండూ రెండు దిక్కులకు చూశాయి.

మా వాడు మెట్టు మీద కూలబడ్డాడు.

"బావా, దానికి తడి లేదు."

"దేనికిరా?"

"రబ్బరు మూతికి. మన ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది. గొట్టంలో చల్లబడి నీరవుతుంది. ఆ నీరు పోవడానికే కింద బెజ్జం, దానికో మీట. రెండేళ్లు పెట్టెల్లో పడుంటే బెజ్జాలు చిలుంతో పూడిపోయాయి. ఇన్నేళ్లూ నేను ఊదుతూ ఊదుతూ మీట నొక్కేవాణ్ని, నీరు పడేది, ముందుకెళ్లేవాణ్ని. మిషను ఊదితే నీరే రాలేదు. రాకపోతే నొక్కడం నాకు గుర్తే రాలేదు."

మర్నాడు బూరలన్నీ వెనక్కొచ్చాయి. వాటి వెనకే ఓనరుగారి మాటా వచ్చింది. రేపు పొద్దున్న బ్యాండువాళ్లంతా వస్తారు. ముందు గదిలో, తలుపులు మూసి, పాత పద్ధతిలో మేస్త్రి ఊదాలి, వాళ్లు ఊదాలి. కుదరదంటే మేస్త్రి రానక్కర్లేదు.

సాయంత్రం వాడు మా ఇంటికొచ్చి కిటికీ బయట నిలబడ్డాడు.

"లోపలికి రారా."

"వద్దులే బావా. షాపులో ఇవాళ ఇద్దరు దగ్గారు."

"మాకేం పర్లేదు."

"మీకు పర్లేదు. ఇక్కణ్నుంచి నేను మా ఇంటికెళ్లాలి." కిటికీ ఊచను పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. "పని మానేస్తున్నాను. నాకు చేతనైన పని ఇదొక్కటే. అయినా మానేస్తున్నాను. ఆ విషయం దానికి నువ్వు చెప్పు."

చెప్పడానికి వాడి వెంట వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"మానేస్తే రోజంతా ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటాను."

"కిటికీలు చూసుకుంటూ?" ఊపిరి. "అన్నయ్యగారూ, ఈయన పగలంతా ఇంట్లో ఉంటే... ఏ రోగమూ అక్కర్లేదు. ఈయన్ని భరించడం నా వల్ల కాదు. రేపు నేనూ షాపుకొస్తాను."

వద్దని వాడు, రావద్దని నేను, పిచ్చా అని మా ఆవిడ ఫోనులో. ముగ్గురం చెప్పాం. మర్నాడు పొద్దున్న ఆమె మాస్కు కట్టుకుని ఆటోలో కూర్చుంది. మేం ఎక్కకపోతే ఒక్కతే వెళ్లేలా ఉంది.

షాపులోకి అడుగుపెట్టలేదు. రోడ్డు మీదే, తెరిచిన తలుపుకు ఎడంగా నిలబడింది. లోపల ఓనరుగారు, బ్యాండు మాస్టరు. బ్యాండువాళ్లు అరుగు మీద బారుగా కూర్చున్నారు. వాళ్లలో ఒకడు తుమ్మితే మా వాడు ఆమె ముందుకొచ్చి గోడలా నిలబడ్డాడు. ఆమె వాణ్ని పక్కకు నెట్టింది.

"మీ మేస్త్రి ఊదుతాడండీ," అంది.

"అది మంచి మాటమ్మా," అని ఓనరుగారు లేవబోయాడు.

"కానీ ఆ గదిలో కాదు." ఆయన నోరు తెరిచాడు. ఆమెకు ఊపిరి దొరికింది. "వెనక దొడ్లో. ఆరుబయట." ఆయన మళ్లీ తెరిచాడు. "మీ మేస్త్రి మౌత్‌పీసు ఆయనది. ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి." ఇంకేం ఉండదులే అనుకుని ఆయన గొంతు సవరించుకున్నాడు. "దగ్గేవాళ్లు, జ్వరమున్నవాళ్లు... ఇంకోరోజు రావాలి. జీతమిచ్చేవాళ్లు మీరు. ఊపిరి మాత్రం నాది. అది మా ఇంట్లో ఇప్పటికే సగమైంది."

ఓనరుగారికి అప్పటికి మాట దొరికింది. "తలుపులు మూయకుండా, మౌత్‌పీసు మార్చేసి ఊదితే గొంతు ఎలా తెలుస్తుందమ్మా? మా నాన్న..."

"ఓనరుగారూ," అన్నాడు బ్యాండు మాస్టరు. అప్పటిదాకా ఆయన మా వాడి వైపు చూసిన చూపుకు ఇత్తడి కరిగేది. "ఆ రబ్బరు మూతి సంగతి ఇతనితో తర్వాత తేల్చుకుంటాను. కానీ మేం పొగలోకి వెళ్లేటప్పుడు ఒకడు పెట్టుకున్న ముసుగు ఇంకొకడు పెట్టుకోడు. బూర దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి మాకే తట్టలేదు. అయినా రోడ్డు మీద వాయించే బూరను తలుపులు మూసుకుని వింటే మీకేం తెలుస్తుంది?" అరుగు వైపు తిరిగాడు. "ఇందాక తుమ్మినవాడెవడో లేచి ఇంటికెళ్లండి."

ఇద్దరు లేచారు. ఒకడు నిజంగా తుమ్మినవాడు, రెండోవాడికి సెలవు కావాలి.

దొడ్లో పగిలిన డప్పులు, చెక్కపెట్టెలు సర్ది చోటు చేశారు. అప్పటికే చిలుం గీకి బెజ్జాలన్నీ తెరిచి ఉంచాడు మా వాడు. సొంత మౌత్‌పీసు జేబులోంచి తీసి, అందరికీ వీపు పెట్టి, గోడ వైపు తిరిగి మాస్కు దించాడు. మొదటి ఊదుకు గాలే తప్ప స్వరం రాలేదు. ఇన్నాళ్లు ఊదని పెదవులు మొద్దుబారిపోయాయి. రెండోసారి చీలిక. మూడోసారి స్వరం నిలబడింది. సాగింది. మీట నొక్కాడు. నీటి బొట్లు మట్టి మీద పడ్డాయి.

ఆమె పక్క సందులోంచి చుట్టి వచ్చి దొడ్డి గుమ్మం అవతల నిలబడింది. జబ్బు పడ్డాక వాడు ఊదగా వినడం అదే మొదలు. వాడు వెనక్కి చూడకుండానే, ఇంకా దూరం వెళ్లమని చేత్తో సైగ చేశాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. వాడు కళ్లు మూసుకుని తర్వాతి బూర ఎత్తగానే ఆ రెండడుగులూ ముందుకొచ్చింది. మధ్యాహ్నం దాకా అలాగే జరిగింది. ఓనరుగారు కుర్చీ దొడ్లోకి తెప్పించుకుని, ఎండకు తలమీద రుమాలు వేసుకుని, "ఒక్కటే, తీసుకెళ్లు," అంటూ కూర్చున్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు, వంటింట్లో మిరపకాయ ఘాటుకు ఆమె దగ్గినా వాడికి ముచ్చెమటలు పట్టేవి. ఇప్పటికీ షాపులో పరీక్ష దొడ్లోనే. వాన పడితే ఆ రోజుకు పరీక్ష లేదు. ఓనరుగారు సణుగుతాడు, కానీ కిటికీలు మూయించడు. మా వాడు మాత్రం కుదుటపడలేదు. దగ్గు వినపడితే ఇప్పటికీ బస్సు దిగుతాడు. ఆమె మాత్రం వాక్యాలు కాస్త పొడుగ్గా చెబుతోంది.

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. కిటికీ బయట నిలబడి ఆఖరు దాకా విన్నాడు.

"ఏదీ జరగలేదు బావా," అన్నాడు. "మిషనూ లేదు, గుడగుడా లేదు. ఆ రోజు మా ఆవిడ గడప దాటలేదు. నేను దేనికీ భయపడలేదు. అంతా నువ్వు కల్పించావు."